కాలేయ క్యాన్సర్: రక్తంలోని వీఈజీఎఫ్, ఐజీఎఫ్-1 అంకెలు చూసి ఆయుష్షు చెప్పవచ్చునా?

పాలకొల్లు తమ్ముడు:

సభ్యులందరికీ నమస్కారం. మా బావగారి వయసు 58 సంవత్సరాలు. చాలా కాలంగా ఉన్న హెపటైటిస్-బి వల్ల కాలేయానికి సిరోసిస్ వచ్చి, అందులోనే క్యాన్సర్ గడ్డ ఏర్పడిందని విశాఖపట్నంలో స్కానింగు చేసి చెప్పారు. మధుమేహం కూడా ఉన్నందున మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. చికిత్స ఇంకా మొదలు కాలేదు. ఈలోగా బంధువు ఒకరు సలహా ఇవ్వగా, ఇక్కడే ఒక ప్రైవేటు ల్యాబులో రక్తం ఇచ్చి రెండు గ్రోత్ ఫ్యాక్టర్ (వృద్ధి కారకం) పరీక్షలు చేయించాము. సీరం వీఈజీఎఫ్ మామూలు హద్దుల్లోనే ఉన్నదని, ఐజీఎఫ్-1 మాత్రం మిల్లీలీటరుకు 31 నానోగ్రాములు, అంటే బాగా తక్కువగా ఉన్నదని రిపోర్టు వచ్చింది. ప్లేట్‌లెట్లు 82 వేలు ఉన్నాయి.

గడ్డను పెంచే పదార్థం ఒకటి మామూలుగానూ, మరొకటి తక్కువగానూ ఉన్నది కాబట్టి రెండూ మంచి కబుర్లేనని ఇంట్లో అందరూ ధైర్యపడుతున్నారు. విశాఖ ప్రయాణం పంట చేతికి వచ్చాక పెట్టుకుందామని అక్క అంటున్నది. ఈ రెండు అంకెలను నమ్మి నిర్ణయం తీసుకోవచ్చునా అన్నది తెలిసినవారు చెప్పగోరుతున్నాను.

కాకినాడ పీజీ (ఆంకాలజీ):

తమ్ముడు గారూ, ప్రయాణం వాయిదా వేయవద్దని అక్కగారికి ముందుగా చెప్పండి. మిగిలినదంతా తరువాత నింపాదిగా చదువుకోవచ్చు.

రెండు అంకెలకూ మీ ఇంట్లో చెప్పుకున్న అర్థం సరికాదు. ఒక గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలని జుడా ఫోక్‌మన్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు 1971లో ప్రతిపాదించారు. ఆ నాళాలను రప్పించే పదార్థాలలో ముఖ్యమైనది వీఈజీఎఫ్. 1983లో డ్వోరాక్ బృందం దీన్ని రక్తనాళాల నుండి ద్రవం కారేటట్లు చేసే పదార్థంగా గుర్తించింది; 1989లో ఫెరారా బృందం నాళాల వృద్ధి కారకంగా వేరు చేసింది; తరువాత రెండూ ఒకటేనని తేలింది. దీన్ని అడ్డుకునే బెవాసిజుమాబ్ మందు 2004లో అమెరికాలో పెద్దప్రేగు క్యాన్సర్‌కు అనుమతి పొందింది. ఇంత చరిత్ర ఉన్న పదార్థాన్ని రక్తంలో కొలిస్తే గడ్డ సంగతి తెలియాలి కదా అనుకోవడం సహజమే. కానీ గడ్డ దగ్గర వీఈజీఎఫ్ చేసే పని వేరు, చేతి నరం నుండి తీసిన రక్తంలో దాని మొత్తం వేరు. ఆ మొత్తానికి గడ్డ ఒక్కటే కారణం కాదు.

ఐజీఎఫ్-1 విషయం పూర్తిగా తలకిందులు. పిట్యూటరీ గ్రంథి నుండి వచ్చే గ్రోత్ హార్మోన్ ఆదేశిస్తే, రక్తంలో తిరిగే ఐజీఎఫ్-1లో అధిక భాగాన్ని తయారు చేసేది కాలేయమే. కాలేయం దెబ్బ తిన్నకొద్దీ అది తగ్గిపోతుంది. అందువల్ల కాలేయ క్యాన్సర్ ఉన్నవారిలో ఐజీఎఫ్-1 తక్కువగా ఉండటం గడ్డకు ఆహారం అందడం లేదన్న సూచన కాదు. కాలేయంలో మిగిలి ఉన్న సత్తువ తక్కువన్న సూచన. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం పరిశోధకులు దీన్నే ఆధారం చేసుకొని కాలేయం పనితీరును కొలిచే పాత చైల్డ్-పగ్ స్కోరును సవరించారు. పొట్టలో నీరు ఎంత ఉంది, మనిషి మగతగా ఉన్నాడా అన్న రెండు అంశాలు చూసే వైద్యుణ్ని బట్టి మారుతుంటాయి కనుక, వాటిని తీసివేసి ఐజీఎఫ్-1ను చేర్చారు. ఆ పద్ధతిలో 50 నానోగ్రాముల పైన ఉంటే 1 పాయింటు, 26 నుండి 50 వరకు 2, 26 కన్నా తక్కువైతే 3. పాయింట్లు పెరిగితే పరిస్థితి బరువెక్కినట్లు. మీ బావగారి 31కి 2 పాయింట్లు వస్తాయి. అయితే ఒక్క అంశం పాయింట్లతో ఏమీ తేల్చరు. బిలిరుబిన్, ఆల్బుమిన్, ప్రోత్రాంబిన్ సమయం కూడా కలిపి చూస్తారు.

భీమవరం ల్యాబు మనిషి:

డాక్టరు గారు గడ్డ వైపు నుండి చెప్పారు, నేను ట్యూబు వైపు నుండి చెబుతాను. రిపోర్టులో ఉన్న "సీరం" అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. అసలు కిటుకు అక్కడే ఉంది.

ఎర్ర మూత ట్యూబులో రక్తం తీస్తే అది గడ్డకడుతుంది; పైన తేలిన ద్రవమే సీరం. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు పగిలి, తమలో దాచుకున్న వీఈజీఎఫ్‌ను బయటకు వదులుతాయి. అందుచేత సీరంలో కనిపించే వీఈజీఎఫ్‌లో ఎక్కువ భాగం ట్యూబులోనే పుట్టుకొస్తుంది, మనిషి ఒంట్లో తిరుగుతున్నది కాదు. ఒకే మనిషికి ఒకే పూట ఊదా మూత ట్యూబులో తీసి ప్లాస్మాలో, అంటే గడ్డకట్టనివ్వకుండా వేరు చేసిన ద్రవంలో, కొలిస్తే, సీరంలో వచ్చిన దానికన్నా ఎన్నో రెట్లు తక్కువ వస్తుంది. ఇక ప్లేట్‌లెట్లు ఎక్కువ ఉన్నవారికి సీరం వీఈజీఎఫ్ ఎక్కువగా, తక్కువ ఉన్నవారికి తక్కువగా రావడం మామూలు. మీ బావగారికి 82 వేలే ఉన్నాయి; మామూలు మనిషికి లక్షన్నర నుండి నాలుగున్నర లక్షలు ఉంటాయి. సిరోసిస్‌లో ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను తనలో పట్టి ఉంచుకుంటుంది, కాలేయం నుండి వాటి ఉత్పత్తికి అందవలసిన ప్రేరణ కూడా తగ్గుతుంది. కనుక ఆ "నార్మల్" అన్న మాట, తక్కువ ప్లేట్‌లెట్ల వల్ల కిందికి దిగివచ్చిన అంకెను ఆరోగ్యవంతుల హద్దులతో పోల్చగా వచ్చినది. ఇది తెలిసే కొందరు పరిశోధకులు సీరం వీఈజీఎఫ్‌ను ప్లేట్‌లెట్ల సంఖ్యతో భాగించి చూశారు.

ప్లాస్మా అయితే సరిపోతుందా అంటే, దానికీ షరతులున్నాయి. రక్తం తీసిన వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లాస్మాను వేరు చేసి, గడ్డకట్టించే చలిలో దాచాలి. మన పల్లెల్లో ఉదయం తీసిన ట్యూబులు సాయంత్రం దాకా కలెక్షన్ సెంటరులో ఉండి, రాత్రి బస్సుకు హైదరాబాదు వెళ్లడం సర్వసాధారణం. మే నెల ఎండలో ఐసు పెట్టె ఎంతసేపు చల్లగా ఉంటుందో నేను వేరే చెప్పనక్కరలేదు. ఆ ఆలస్యంలో ప్లేట్‌లెట్లు ప్లాస్మాలోకి కూడా వదిలేస్తాయి. ఇంకొక సంగతి: జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకునేవారికి కొన్ని ఇమ్యునోఎస్సే పరీక్షలు (యాంటీబాడీల సాయంతో కొలిచేవి) తప్పుగా వస్తాయని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. కలెక్షన్ కుర్రవాడు ఈ ప్రశ్న అడగగా నేను ఎన్నడూ వినలేదు.

మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి ఒక మాట. 1925లో ఆయన, ఫిస్కే కలిసి ప్రకటించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ల్యాబుల్లో వాడుకలో ఉన్నది. ఎవరు చేసినా, ఎక్కడ చేసినా దాదాపు అదే జవాబు రావడం దాని బలం. వీఈజీఎఫ్‌ను కొలిచే ఎలైజా పరీక్షకు ఆ బలం ఇంకా లేదు. రెండు కంపెనీల కిట్లతో ఒకే నమూనాకు రెండు జవాబులు రావచ్చు, అందువల్ల ఒక కిట్‌తో పరిశోధకులు గీసిన హద్దును మరొక కిట్ రిపోర్టుకు అతికించకూడదు.

నరసాపురం మాస్టారు:

ల్యాబు మనిషి గారు విడమరచి చెప్పారు, సంతోషం. అయినా నాకొక సందేహం ఉన్నది. వృద్ధి కారకం ఎక్కువ ఉన్న రోగులు తక్కువ కాలం బతికారని చెప్పే పరిశోధనలు వందల కొద్దీ కనబడుతున్నాయి. ఊపిరితిత్తులు, పెద్దప్రేగు, కాలేయం, రొమ్ము, దేనిని తీసుకున్నా ఒక వ్యాసం ఉన్నది. ఇవన్నీ వట్టివేనా? పనికిరాని దాని మీద ఇంతమంది ఎందుకు శ్రమపడతారు?

రాజమహేంద్రవరం గణాంకుడు:

మాస్టారూ, వట్టివి కావు. కానీ ఆ వ్యాసాలు జవాబు చెప్పే ప్రశ్న ఒకటి, తమ్ముడు గారు అడిగే ప్రశ్న మరొకటి.

కాలేయ క్యాన్సర్‌కే చెందిన మంచి ఉదాహరణ ఉన్నది. సొరాఫెనిబ్ మందును పరీక్షించిన షార్ప్ అనే అధ్యయనంలో 602 మంది పాల్గొన్నారు. మందు వాడినవారి మధ్యస్థ జీవితకాలం (అంటే సగం మంది దాటిన కాలం) 10.7 నెలలు, వాడనివారిది 7.9 నెలలు. చికిత్సకు ముందు వారి ప్లాస్మాలో వృద్ధి కారకాలను కొలిచి, 2012లో ఫలితాలు ప్రకటించారు. వీఈజీఎఫ్, రక్తనాళాలకే సంబంధించిన మరొక కారకం యాంజియోపొయెటిన్-2 ఎక్కువగా ఉన్నవారు తక్కువ కాలం జీవించారు. ఇతర అంశాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఆ తేడా నిలిచింది. అంటే మీరు చదివిన వ్యాసాలు చెప్పేది ఇక్కడ నిజమే. అయితే సొరాఫెనిబ్ ఎవరికి మేలు చేస్తుందో, ఎవరికి చేయదో వీటిలో ఏదీ ముందుగా చెప్పలేకపోయింది. రొమ్ము క్యాన్సర్‌లోనూ ఇదే అనుభవం. ప్లాస్మా వీఈజీఎఫ్ ఎక్కువ ఉన్నవారికి బెవాసిజుమాబ్ ఎక్కువ మేలు చేస్తుందన్న ఆశ పాత అధ్యయనాల నుండి పుట్టింది; దాన్ని పరీక్షించడానికే మెరిడియన్ అనే అధ్యయనాన్ని ముందుగా పథకం వేసి నడిపితే, 2017లో వచ్చిన ఫలితం ఆ ఆశను నిలబెట్టలేదు. రోగం ఎలా సాగుతుందో సూచించడం ఒక పని, ఏ మందు పనిచేస్తుందో సూచించడం మరొక పని.

రెండవది, గుంపు లెక్కను ఒక మనిషికి దించడం. ఎక్కువ ఉన్న గుంపులోనూ చాలాకాలం బతికినవారు ఉంటారు, తక్కువ ఉన్న గుంపులోనూ తొందరగా పోయినవారు ఉంటారు. రెండు గుంపుల గీతలు వేరుగా కనబడినంత మాత్రాన ఒక మనిషి ఏ గీత మీద ఎక్కడ ఉంటాడో తెలియదు.

మూడవది, నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది, హద్దు గీసే పద్ధతి. చాలా వ్యాసాలలో ఎక్కువ, తక్కువ అన్న గీతను రోగుల సమాచారం అంతా చేతికి వచ్చాక గీస్తారు. ఎక్కడ గీస్తే తేడా పెద్దదిగా కనబడుతుందో అక్కడ గీసినవారూ ఉన్నారు. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది అని మనకు చిన్నప్పటి నుండి తెలుసు. ఆ అంకెలకు విలువ ఎందుకున్నది? ఏ మట్టానికి ఏ లంక మునుగుతుందో ఏటేటా చూసి సరిచూసుకున్నారు, హద్దు ప్రతి వరదకూ మారదు. వీఈజీఎఫ్‌కు ఒక వ్యాసంలో ఒక హద్దు, మరొక వ్యాసంలో మరొక హద్దు. ఇటువంటి లోపాలను అరికట్టడానికే 2005లో రిమార్క్ అనే మార్గదర్శకాలు వచ్చాయి. ఏ నమూనా, ఎలా దాచారు, హద్దు ఎలా నిర్ణయించారు అన్నవి వ్యాసంలో విధిగా రాయాలన్నారు.

సరిచూసుకున్న రక్త సూచికలు లేకపోలేదు. మైలోమాలో (ఎముక మజ్జ క్యాన్సర్) బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్, ఆల్బుమిన్ అనే రెండు రక్త ప్రోటీన్లతోనే 2005లో అంతర్జాతీయ దశల విభజన చేశారు. మూడు దశల మధ్యస్థ జీవితకాలాలు 62, 44, 29 నెలలుగా వచ్చాయి. వృషణాల క్యాన్సర్‌లో ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అంకెలు దశ నిర్ణయంలోనే భాగం. వృద్ధి కారకాలు ఆ స్థాయికి ఇంకా రాలేదు.

అమలాపురం లక్ష్మి:

మా నాన్నగారికి క్లోమ గ్రంథి క్యాన్సర్. తిండి సయించక బాగా చిక్కిపోయారు. జీడీఎఫ్-15 అనే పరీక్ష చేయిస్తే ఎంత కాలమో తెలుస్తుందని తెలిసినవారు ఒకరు అన్నారు. ఇది కూడా ఈ కోవలోనిదేనాండి?

కాకినాడ పీజీ (ఆంకాలజీ):

లక్ష్మి గారూ, అదే కోవలోనిది, కానీ కథ ఆసక్తికరమైనది. కణాలు ఒత్తిడికి లోనైనప్పుడు విడుదలయ్యే ఈ పదార్థానికి మెదడు కాండంలో గ్రాహకం ఉన్నదని 2017లో తెలిసింది. అది ఆకలిని చంపి, వికారం పుట్టించి, బరువు తగ్గిస్తుంది. క్యాన్సర్‌లో చిక్కిపోయేవారిలో ఇది ఎక్కువగా ఉండటం, ఎక్కువ ఉన్నవారి జీవితకాలం తక్కువగా ఉండటం చాలా అధ్యయనాలలో కనబడింది. దీన్ని అడ్డుకునే పాన్‌సెగ్రోమాబ్ అనే మందు ఇచ్చినవారిలో బరువు పెరిగిందని 2024లో ఫలితాలు వచ్చాయి. చిక్కిపోవడానికి చికిత్స దొరికే ఆశ అక్కడున్నది. మీ నాన్నగారికి ఇప్పుడు పరీక్ష చేయించడం వల్ల మాత్రం ఒరిగేదేమీ లేదు. ఆయన తగ్గిన బరువు మీకు కనబడుతూనే ఉన్నది. క్లోమ గ్రంథి రసాలు చాలక తిన్నది అరగకపోవడం ఈ జబ్బులో తరచుగా జరుగుతుంది. దానికి భోజనంతో పాటు వేసుకునే ఎంజైము గుళికలు ఉంటాయి, వాటి గురించి వైద్యుణ్ని తప్పక అడగండి.

తమ్ముడు గారికి సంబంధించిన ముక్క ఒకటి: మెట్‌ఫార్మిన్ వాడేవారిలో గడ్డ ఉన్నా లేకపోయినా జీడీఎఫ్-15 పెరుగుతుంది. మూత్రపిండాలు, గుండె బలహీనపడినవారిలోనూ, గర్భిణులలోనూ పెరుగుతుంది. మీ బంధువు తరువాత సలహా ఇదే ఇస్తారేమో, ముందే చెబుతున్నాను.

రాజోలు రైతు:

పెద్దలందరూ చెప్పినది అర్థమైంది, కానీ ఒక మాట నిష్ఠూరంగా చెప్పక తప్పదు. ఎంత కాలం అన్నది ఆసుపత్రిలో అడిగితే చెప్పరు, చెప్పినా దాటవేసినట్లు చెబుతారు. ఇంటి మనిషికి అది ఉబుసుపోక అడిగే ప్రశ్న కాదండి. కొబ్బరితోట కౌలుకు ఇవ్వాలా, పిల్లదాని పెళ్లి ముందుకు జరపాలా, సహకార సంఘం అప్పు ఎవరి పేరున మార్చాలి, ఇవన్నీ దాని మీదనే ఆధారపడి ఉంటాయి. అందుకే మనుషులు ల్యాబుల వెంట పడతారు. ఆ పరీక్ష వద్దనేవారు, బదులుగా ఏది చూడాలో కూడా చెప్పాలి.

కాకినాడ పీజీ (ఆంకాలజీ):

న్యాయమైన మాట. కాలేయ క్యాన్సర్ విషయంలో చెబుతాను, ఇవన్నీ మామూలు ఫైలులోనే ఉంటాయి.

గడ్డ పోర్టల్ సిరలోకి (పేగుల నుండి కాలేయానికి రక్తం తెచ్చే సిర) పాకిందా, కాలేయం దాటి వెళ్లిందా అన్నది స్కానింగు చెబుతుంది. ఏ వృద్ధి కారకం కన్నా దీని బరువు ఎక్కువ. కాలేయం పనితీరుకు చైల్డ్-పగ్ స్కోరు ఉన్నది: 5, 6 వస్తే ఏ తరగతి, 7 నుండి 9 వరకు బీ, 10 నుండి 15 వరకు సీ. దానికన్నా తేలికైనది 2015లో ప్రకటించిన ఆల్బీ స్కోరు. ఆల్బుమిన్, బిలిరుబిన్ రెండే చాలు, రెండూ ఏ చిన్న ల్యాబులోనైనా తక్కువ ఖర్చుతో అవుతాయి. ఇక మనిషి తన పనులు తాను చేసుకుంటున్నాడా, పగటిలో సగానికి పైగా మంచం మీదనే ఉంటున్నాడా అన్నది. దీన్ని ఇంటివారు వైద్యుడికన్నా బాగా చెప్పగలరు, అయినా చాలామంది చెప్పరు.

రక్తంలోని ఏఎఫ్‌పీ అనే ప్రోటీన్ కూడా చూస్తారు. రాముసిరుమాబ్ అనే మందు వీఈజీఎఫ్ గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. మొదటి అధ్యయనంలో అందరికీ ఇచ్చి చూస్తే జీవితకాలంలో నిలబడే తేడా రాలేదు. ఏఎఫ్‌పీ మిల్లీలీటరుకు 400 నానోగ్రాములు లేక అంతకు పైన ఉన్నవారిలో మాత్రం మేలు కనబడింది. అది యాదృచ్ఛికం కావచ్చునని, అటువంటివారినే తీసుకొని రెండవ అధ్యయనం చేసి 2019లో ప్రకటించారు, మధ్యస్థ జీవితకాలం 7.3 నెలలకు బదులు 8.5 నెలలు వచ్చింది. తేడా చిన్నదే, కానీ నిలబడింది. వీఈజీఎఫ్ మార్గాన్ని అడ్డుకునే మందును ఎవరికివ్వాలో తేల్చినది వీఈజీఎఫ్ కాదు, పాత ఏఎఫ్‌పీ అన్నది గమనించండి.

కాలం గురించి వైద్యుణ్ని అడిగేటప్పుడు "ఎన్ని నెలలు" అని కాక, "బాగా జరిగితే ఎలా ఉంటుంది, మామూలుగా ఎలా ఉంటుంది, సరిగా జరగకపోతే ఎలా ఉంటుంది" అని అడగండి. ఆ మూడూ చెప్పడానికి వైద్యులు అంతగా వెనకాడరు. మీ తోట కౌలు నిర్ణయానికి మూడవ జవాబు పనికివస్తుంది, చికిత్స నిర్ణయానికి మొదటి రెండూ.

పాలకొల్లు తమ్ముడు:

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ అక్కకు చదివి వినిపించాను. ఈ వారమే విశాఖ వెళుతున్నాము. ఒక్క ప్రశ్న మిగిలింది. అటిజోలిజుమాబ్ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి మళ్లించే మందు), బెవాసిజుమాబ్ కలిపి ఇచ్చే ఆలోచన ఉన్నదని అక్కడ అన్నారు. వీఈజీఎఫ్‌ను ఈసారి ప్లాస్మాలో సరిగా చేయించి, మందు మొదలైన తరువాత మళ్లీ చేయిస్తే పనిచేస్తున్నదీ లేనిదీ తెలియదా?

భీమవరం ల్యాబు మనిషి:

తెలియదండి, పైగా బెదిరిపోతారు. బెవాసిజుమాబ్ వీఈజీఎఫ్‌ను పట్టుకొని ఉంచుతుంది. అలా పట్టుబడినది రక్తం నుండి త్వరగా తొలగిపోదు. అందువల్ల మందు పడిన తరువాత మొత్తం వీఈజీఎఫ్ పెరిగినట్లు కనిపిస్తుంది, పని చేయగల స్వేచ్ఛా వీఈజీఎఫ్ తగ్గి ఉన్నా సరే. చాలా కిట్లు ఆ రెండిటినీ వేరు చేయలేవు.

కాకినాడ పీజీ (ఆంకాలజీ):

ఆ డబ్బుతో చేయించవలసినది ఎండోస్కోపీ. సిరోసిస్ ఉన్నవారిలో చాలామందికి అన్నవాహికలో సిరలు ఉబ్బి ఉంటాయి. బెవాసిజుమాబ్‌తో రక్తస్రావం ప్రమాదం ఉన్నందున, మొదలు పెట్టే ముందు వాటిని చూసి, అవసరమైతే చికిత్స చేయాలి. 82 వేల ప్లేట్‌లెట్లున్న మనిషికి ఇది మరీ ముఖ్యం. ఈ జంట మందులు సొరాఫెనిబ్ కన్నా మెరుగని 2020లో తేలింది. తరువాతి లెక్కలో మధ్యస్థ జీవితకాలం 13.4 నెలలకు బదులు 19.2 నెలలు వచ్చింది. ఆ అధ్యయనంలో చైల్డ్-పగ్ ఏ తరగతివారినే తీసుకున్నారు కనుక, మీ బావగారు ఏ తరగతిలో ఉన్నారో ముందు అడిగి తెలుసుకోండి. హెపటైటిస్-బి మాత్రలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు.

తణుకు సుజాత:

చర్చకు దగ్గరి విషయమే కనుక అడుగుతున్నాను. మా అత్తగారు రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న చోట, వృద్ధి కారకాల పరిశోధనకు రక్తం ఇమ్మంటున్నారు. ఇవన్నీ ఇంకా పనికిరావని మీరే అంటున్నారు కదా, మరి ఇవ్వాలా?

రాజమహేంద్రవరం గణాంకుడు:

సుజాత గారూ, ఆవిడకు ఇష్టమైతే ఇవ్వండి. ఇప్పుడు పనికిరాని అంకె రేపు పనికివస్తుందో లేదో తేలేది అటువంటి నమూనాలతోనే. నైతిక సంఘం అనుమతి ఉన్నదా, సమ్మతి పత్రం తెలుగులో ఉన్నదా చూడండి. పరిశోధన కోసం చేసే పరీక్షకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. బిల్లులో అది చేరితే ప్రశ్నించండి. ఇంకా, ఫలితాన్ని మీకు ఇస్తారా అని అడిగితే, బహుశా ఇవ్వమనే అంటారు. అలా అంటే అనుమానపడకండి, పద్ధతి తెలిసినవారు నడుపుతున్నారని అర్థం.

భీమవరం ల్యాబు మనిషి:

ఏ రంగు మూత ట్యూబులో తీస్తున్నారో కూడా చూసి ఇక్కడ రాయండి.